మొదటి ఏడాది పిల్లలకూ మెస్ కమిటీలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కావలి నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరాన్ని గత వారం మీ లేఖల శీర్షికలో చదివాను. వారి అమ్మాయి ఈ ఏడాదే విశ్వవిద్యాలయంలో చేరి హాస్టల్‌కు వచ్చిందట. మొదటి సంవత్సరం పిల్లలు గదికీ క్లాసుకూ మధ్య తప్ప మరెక్కడా తిరగకూడదనీ, కమిటీలూ ఫంక్షన్లూ మెస్ తగాదాలూ సీనియర్లకు వదిలేయాలనీ, అప్పుడే చదువు సాగుతుందనీ ఆయన రాశారు. ఆ పేపరు మా హాస్టల్ రీడింగ్ రూములో చేతులు మారి మారి సాయంత్రానికి మడతల దగ్గర చిరిగిపోయింది. ఆయన భయం నాకు తెలియనిది కాదు. నన్ను దింపడానికి వచ్చినప్పుడు మా నాన్న కూడా గేటు దగ్గర ఇంచుమించు ఇవే మాటలు చెప్పాడు. అయినా ఆ సలహా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కాస్త పొడుగైనా ఈ జవాబును ప్రచురించమని కోరుతున్నాను.

మాది ప్రకాశం జిల్లా మర్రిపూడి మండలంలో ఒక పల్లె. నాన్న చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అమ్మ కూలికి వెళ్తుంది. నేను రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య రహదారి పొడుగునా బోలెడు క్యాంపస్‌లు ఉన్నాయి, మాది వాటిలో ఒకటి అనుకోండి. పేరు రాయకపోవడానికి కారణం ఉంది. చదువు పూర్తయ్యేదాకా నేను ఆ మెస్‌లోనే అన్నం తినాలి.

ఆ పెద్దాయన గమనించని సంగతి ఏమిటంటే, ఆయన చెప్పకముందే మొదటి సంవత్సరం పిల్లల్లో చాలామంది ఆ సలహాను తుచ తప్పకుండా పాటిస్తున్నారు. మాలో ఎక్కువమందిమి ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపి వచ్చినవాళ్లం. ఆ భవనాల సంగతి నెల్లూరు, ఒంగోలు పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. తెల్లవారకముందే గంట, స్నానానికి వరుస, స్టడీ అవర్, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద మార్కుల జాబితా. వరండాలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే ఇన్‌చార్జి వచ్చి పేర్లు రాసుకునేది. రెండేళ్లు నా పక్క మంచం మీద పడుకున్న అమ్మాయికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు వచ్చేవో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకు అన్నదమ్ములు ఉన్నారో లేదో మాత్రం తెలియదు.

అలాంటి చోటు నుంచి వచ్చిన పిల్లకు విశ్వవిద్యాలయంలో ఉన్నట్టుండి గంట మోగడం ఆగిపోతుంది. ఎవరూ లేపరు, ఎవరూ పడుకోమనరు, చేతిలో సొంత ఫోను. ఆ స్వేచ్ఛతో ఆమె ఏం చేస్తుందనుకుంటున్నారు? తలుపు వేసుకుంటుంది. కంచంలో అన్నం పెట్టించుకుని గదికి తెచ్చుకుంటుంది. ముగ్గురున్న గదిలో మూడు ఫోన్లు, ఆరు చెవులకూ ఇయర్‌ఫోన్లు. రాత్రి వీడియో కాల్ చేసిన ఇంట్లోవాళ్లు పిల్ల గదిలోనే ఉందని చూసి నిశ్చింతగా పడుకుంటారు. జ్వరం వస్తే చెప్పుకోవడానికి ఆ అంతస్తులో ఆమెకు ఒక్క మనిషి కూడా లేదన్న సంగతి ఆ కాల్‌లో కనబడదు.

ఇక మెస్ సంగతి. ఆయన అన్నింటికన్నా ఎక్కువ కోప్పడింది దీని మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మాది డివైడింగ్ మెస్. నెలలో బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి, ఆ మొత్తాన్ని అందరి హాజరు రోజులతో భాగిస్తారు. వచ్చినది రోజు రేటు. ఎవరు ఎన్ని రోజులు తింటే అన్ని రోజులకు కట్టాలి. వినడానికి ఇంతకన్నా న్యాయమైన లెక్క ఉండదు. కాని ఇందులో ఒక మెలిక ఉంది, బిల్లు కట్టే తల్లిదండ్రులకు అది తెలియదు.

ఒక హాస్టల్‌లో 300 మంది ఉన్నారనీ, 30 రోజులకు 9,00,000 రూపాయలు ఖర్చయిందనీ అనుకుందాం. అందరూ ఉంటే మొత్తం హాజరు 9,000. రోజుకు 100 రూపాయలు పడుతుంది. వారిలో 60 మంది సెలవులకు 5 రోజులు ఊరికి వెళ్లారనుకోండి, హాజరు 8,700కు దిగుతుంది. వెళ్లేవాళ్లు ముందుగా చెబితే వంటశాలలో ఆ మేరకు బియ్యం తక్కువ పోస్తారు, రేటు దాదాపు అక్కడే ఉంటుంది. చెప్పకుండా బస్సెక్కితే ఎసట్లో పోసేది పోసినట్టే ఉంటుంది, ఖర్చు తగ్గదు, రోజు రేటు 103 రూపాయలు దాటుతుంది. అంటే నెలంతా కదలకుండా ఉన్న అమ్మాయి, ఊరికి వెళ్లినవాళ్ల పేరుతో వండి పారబోసిన అన్నానికి 100 రూపాయలకు పైగా కడుతుంది.

నెలంతా కదలకుండా ఉండేది ఎవరు? ఉదయగిరి కొండల కింది ఊళ్లవాళ్లు, దర్శి అవతలివాళ్లు, వారం వారం బస్సు ఛార్జీ పెట్టుకోలేనివాళ్లు. ఈ లెక్క కమిటీలోని సీనియర్ అక్కలకు ఏళ్ల తరబడి తట్టలేదు. తట్టినా పట్టలేదేమో, ఎందుకంటే వాళ్లలో సగం మంది దగ్గర ఊళ్లవాళ్లు, శుక్రవారం మధ్యాహ్నానికే బ్యాగు సర్దుకునేవాళ్లు. నోటీసు బోర్డు మీది బిల్లు ముందు నిలబడి, కాగితం మీద భాగహారం చేసి అడిగింది కొత్తగా వచ్చిన ఒక ఉదయగిరి అమ్మాయి. ఇప్పుడు వాచ్‌మన్ బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. ఊరికి వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రంలోగా అందులో పేరు రాయాలి, రాయకపోతే హాజరు పడుతుంది. మొదట్లో అక్కలు విసుక్కున్నారు. ఇప్పుడు ఆ పుస్తకంలో పేరు రాయకుండా ఎవరూ గేటు దాటరు. క్రమశిక్షణ గురించి మాకు ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రానిది, బిల్లులో పడేసరికి వచ్చింది.

నూనె సంగతి కూడా ఇలాంటిదే. సరుకులు వేసే దుకాణం బిల్లులో నూనె కిలోల్లో ఉండేది, దిగే డబ్బాల మీద లీటర్లలో ఉండేది. లీటరు వంటనూనె బరువు 910 గ్రాములని ప్యాకెట్ల మీద కూడా రాసి ఉంటుంది. 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13 కిలోల 650 గ్రాములు. ఆ డబ్బాను 15 కిలోలుగా రాస్తే ఒక్కో డబ్బాకు కిలోకు పైగా గాలికి డబ్బు కడుతున్నట్టు. ఇంటర్‌లో సాంద్రత మీద వందల లెక్కలు చేసి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలకు ఇది పట్టుకోవడం ఎంత పని? వాళ్లను సరుకులు దిగే చోటికి రానివ్వాలి, అంతే.

బియ్యం గురించి ఒక మాట చెప్పి ఈ వంటింటి పురాణం ఆపేస్తాను. నెల్లూరు జిల్లా పిల్లలకు ముద్దయిన అన్నం పెడితే వాళ్లకు వచ్చే కోపం చూసి తీరాలి. కోత కాగానే వచ్చే కొత్త బియ్యం చౌకగా దొరుకుతుంది, వండితే జిగురు. పాత బియ్యం ధర ఎక్కువైనా అన్నం పొడిపొడిగా ఉంటుంది, బాగా ఒదుగుతుంది. కొన్నది పాతదో కొత్తదో బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు కొరికి చెప్పింది కోవూరు వైపు వరి రైతు కూతురు. ఆమె కాలేజీలో చేరి అప్పటికి ఇంకా మొదటి మిడ్ పరీక్షలు కూడా రాయలేదు.

నా అనుభవం నీళ్లకు సంబంధించినది. మా వైపు బోరు నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పళ్ల మీద గోధుమరంగు చారలు మాకు ఊరు ఇచ్చిన గుర్తింపు కార్డు లాంటివి. వంగిన కాళ్లనూ పట్టేసిన నడుములనూ చూస్తూ పెరిగాం. హాస్టల్‌లో కింది అంతస్తులో ఆర్వో యంత్రం ఉంది, తాగే నీళ్లు అందరం అక్కడే పట్టుకుంటాం. చేరిన కొత్తలో వంటశాల వెనక గిన్నెలు కడిగే చోట వంట పెద్దమ్మతో మాట్లాడుతుంటే, అన్నానికీ పప్పుకూ సాంబారుకూ బోరు నీళ్లే పోస్తున్నారని తెలిసింది. కమిటీ అక్క ఒకరిని అడిగితే నవ్వి, నీళ్లు మరుగుతాయి కదా, ఏమున్నా పోతుంది అంది. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. మా ఊళ్లో ఐదో తరగతి పిల్లను అడిగినా చెబుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. మా బోరులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ పరీక్ష చేయించలేదు.

పరీక్ష చేయించమని అర్జీ రాసి ఇస్తే తీసుకోలేదు. మొదటి సంవత్సరం వాళ్లకు కమిటీలో స్థానం లేదు కాబట్టి అర్జీ ఇచ్చే పద్ధతి కూడా లేదన్నారు. చివరికి నాలుగో సంవత్సరం అక్క ఒకరు అదే కాగితం మీద నా పేరు కొట్టేసి తన పేరు రాసి సంతకం పెట్టింది. అప్పుడు తీసుకున్నారు. సీసాలో పట్టిన నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు వెళ్లాయి. ఫలితం 1.5 దాటింది. ఇప్పుడు ఆర్వో నుంచి వంటశాలకు ఒక పైపు వేశారు. ఇదంతా నా ఘనత అని చెప్పుకోవడం లేదు. సంతకం అక్కది, పైపు వేయించింది వార్డెన్ మేడం. నేను ఆలోచించేది వేరే. మా మండలం నుంచి ఆ హాస్టల్‌కు ఏటా ఒకరో ఇద్దరో వస్తూనే ఉన్నారు. బోరు నీళ్ల గురించి నాకు తెలిసినదంతా వాళ్లకూ తెలుసు. పెద్దలు చెప్పినట్టు తలుపు వేసుకుని చదువుకుని, పట్టా తీసుకుని వెళ్లిపోయారు. అన్నేళ్లూ అందరూ ఆ నీళ్లతో వండిన అన్నమే తిన్నారు.

ఆ పెద్దాయన ఉత్తరంలో ర్యాగింగ్ అన్న మాట ఒక్కచోటే ఉన్నా, అసలు భయం అదేనని నాకనిపించింది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాక, అదే ఏడాది యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. ఏటా విద్యార్థులూ తల్లిదండ్రులూ సంతకం చేసి ఇచ్చే హామీ పత్రం ఆ నిబంధనల్లోదే. మా నాన్నతో సంతకం చేయించేటప్పుడు ఆయనకు చదివి వినిపించాలి కదా అని నేను ఆ నిబంధనలు మొత్తం చదివాను. కొత్త పిల్లలను గదిలో దాచమని వాటిలో ఎక్కడా లేదు. కొత్తవాళ్లూ సీనియర్లూ అధ్యాపకుల సమక్షంలో కలిసేలా ఆటలూ సాంస్కృతిక కార్యక్రమాలూ పెట్టమని ఉంది. వీలైనంతవరకు అధ్యాపకులు హాస్టల్‌లో పిల్లలతో కలిసి భోజనం చేయాలని ఉంది. (మా మెస్‌లో అధ్యాపకులు కనబడేది వార్షికోత్సవం నాడు, బిర్యానీ రోజున.) అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి విద్యాసంస్థలో ఉండాల్సిన ర్యాగింగ్ నిరోధక కమిటీలో అధికారులు, పోలీసులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు, సీనియర్ విద్యార్థులతో పాటు కొత్తగా చేరిన విద్యార్థుల ప్రతినిధులు కూడా ఉండాలని రాసి ఉంది. అంత పెద్ద కమిటీలో, పోలీసు అధికారి పక్కన మొదటి సంవత్సరం పిల్లకు కుర్చీ వేయమని నిబంధనే చెబుతుంటే, చింతపండు ఎన్ని కిలోలు వచ్చిందో చూసే కమిటీలో కూర్చునే అర్హత ఆమెకు లేదంటే ఎలా?

ఆపద వస్తే 1800-180-5522 నంబరుకు ఫోను చేయవచ్చు. కాని ఆ నంబరు కన్నా ముందు పక్క గది తలుపు ఉంటుంది. ఆ తలుపు తట్టాలంటే లోపలున్న మనిషి పేరు తెలిసి ఉండాలి. కిందటి ఏడాది వానాకాలం చివర్లో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. గదుల్లో ఎవరెవరు ఉన్నారో చూడమని వార్డెన్ మేడం అంటే, మా అంతస్తులో అందరి పేర్లూ వరుసగా చెప్పగలిగింది ఒక్కతే. సాయంత్రాలు త్రోబాల్ ఆడటానికి గది గదికీ వెళ్లి పిల్లలను లాక్కొచ్చే అమ్మాయి. చివరి గదిలో ఉబ్బసం ఉన్న శ్రీకాకుళం పిల్ల ఉందని ఆమెకే తెలుసు, ముందు అక్కడికే పరిగెత్తింది. ఆమె ఏ కమిటీలోనూ లేదు. అందరూ కమిటీల్లో చేరాలని నేనూ అనడం లేదు. నలుగురిలో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, వాళ్లను బలవంతపెట్టడం కూడా ఒక రకం ర్యాగింగే. అలాంటివాళ్లు కంచం గదికి తెచ్చుకోకుండా కింద మెస్‌లో కూర్చుని తిన్నా చాలు.

ప్రకాశం పంతులు గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను చదివించింది. ఎవరెవరో వచ్చి తిని వెళ్లే ఇంట్లో పెరిగి, నాటకాల్లో వేషాలు కూడా వేసిన ఆ పిల్లవాడి పేరే మా జిల్లాకు పెట్టుకున్నాం. గదికీ క్లాసుకూ మధ్య మాత్రమే తిరగమని ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే వినేవారని నాకు నమ్మకం లేదు.

పెద్దాయన రాసిన ఒక మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. హాస్టళ్లలో కులాల గుంపులూ పార్టీల గుంపులూ ఉన్నాయి. చేరిన వారంలోపే ఇంటిపేరు అడిగి, ఊరడిగి, అయితే నువ్వు మా అమ్మాయివే అంటూ భుజం మీద చెయ్యి వేసే అక్కలు ఉంటారు. మన రాష్ట్రంలో విద్యార్థి సంఘాలకు ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. ఓటు లేని చోట పరిచయాలదే రాజ్యం. కమిటీలో పేర్లు ఎవరు ఎవరి చెవిలో వేస్తే ఖాయమవుతాయో అందరికీ తెలుసు. అయితే దీనికి విరుగుడుగా ఆయన చెప్పేది, ఏ గుంపులోనూ లేని పిల్లలంతా గదుల్లో కూర్చోవాలని. అప్పుడు బయట మిగిలేది గుంపులే కదా!

మా రెండు జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల, కళాశాలల అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి అంతస్తు నుంచి మొదటి సంవత్సరం అమ్మాయి లేదా అబ్బాయి ఒకరిని చీటీ తీసి మెస్ కమిటీలోకి తీసుకోండి. సెమిస్టర్‌కు ఒకసారి చీటీ మార్చండి. చీటీకి కులం ఉండదు, సిఫారసూ పనిచేయదు. మొదటి సంవత్సరం వాళ్ల అర్జీని వాళ్ల సంతకంతోనే తీసుకోండి. నెల బిల్లుతో పాటు మొత్తం హాజరునూ సరుకుల తూకాలనూ బోర్డు మీద పెట్టండి, పక్కనే నీటి పరీక్ష ఫలితం కూడా. చదువు పాడవుతుందన్న బెంగ అక్కర్లేదు. కమిటీ సమావేశం నెలకొకసారి, ఒక గంట. సరుకులు దిగే రోజున తూకం దగ్గర ఇంకో గంట. ఫోనులో పొట్టి వీడియోలు చూస్తూ మేం పోగొట్టుకునే సమయంలో ఇది ఒక సాయంత్రం పాటి కూడా చేయదు.

కావలి పెద్దాయనకు ఒక మనవి. ఈ రాత్రి మీ అమ్మాయికి ఫోను చేసినప్పుడు, తిన్నావా అని అడిగాక, మీ మెస్ కమిటీలో మొదటి సంవత్సరం వాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడగండి. లేరని చెబితే వార్డెన్ గారికి ఒక ఉత్తరం రాయండి. మీరు ఉత్తరాలు బాగా రాస్తారు.

ఇట్లు,
ద్వితీయ సంవత్సరం విద్యార్థిని,
మర్రిపూడి మండలం, ప్రకాశం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)